రొయ్య మీద అమెరికా 50 శాతం సుంకం: మన రేవుల్లో దెబ్బ ఎక్కడ తగులుతోంది?

రేవు గుమాస్తా (విశాఖపట్నం)
2025 సెప్టెంబర్ 16, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. రొయ్యల ఎగుమతుల మీద ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు గారు కేంద్ర మంత్రులకు రాసిన లేఖ పేపర్లలో చూసే ఉంటారు. రాష్ట్రానికి 25 వేల కోట్ల రూపాయల నష్టం, ఆర్డర్లలో సగం రద్దు, దాదాపు 2000 కంటైనర్ల మీద 600 కోట్ల సుంకం భారం. ఇవి రాష్ట్ర ప్రభుత్వ అంచనాలు. దీని మీద ఒక టీవీ చర్చలో ఒకాయన "వైజాగ్ పోర్టు ట్రాఫిక్ ఏమీ తగ్గలేదు కదా, మరి నష్టం ఎక్కడుంది?" అన్నారు. ఆ మాట నాకు మింగుడు పడలేదు. అందుకే ఈ చర్చ మొదలుపెడుతున్నాను.

నేను సీహెచ్‌ఏ (కస్టమ్స్ ఏజెంటు) ఆఫీసులో పనిచేస్తాను. షిప్పింగ్ బిల్లులు వేయడం, కంటైనర్ గేటు లోపలికి వెళ్ళేదాకా కాగితాలు చూసుకోవడం నా పని. పోర్టు ట్రాఫిక్ అంటే టన్నుల లెక్క. 2024-25లో విశాఖపట్నం పోర్టు 8.26 కోట్ల టన్నుల సరుకు చూసింది. అందులో క్రూడాయిల్, బొగ్గు, ఇనుప ఖనిజం, ఎరువుల లాంటివే పెద్ద వాటా. అదే ఏడాది దేశం మొత్తం మీద ఎగుమతైన ఫ్రోజెన్ రొయ్య 7.41 లక్షల టన్నులు. అదంతా ఒక్క వైజాగ్ నుంచే వెళ్ళిందనుకున్నా పోర్టు లెక్కలో ఒక శాతం కూడా కాదు. రేపు ఒక్క రొయ్య ఓడెక్కకపోయినా టన్నుల పట్టికలో తేడా తెలియదు. నాలుగు బొగ్గు ఓడలు ఎక్కువొస్తే ఆ లోటు కనిపించకుండా పోతుంది.

డబ్బు లెక్క వేరు. ఆ ఏడాది మన దేశపు సముద్ర ఉత్పత్తుల ఎగుమతి 62,408 కోట్ల రూపాయలు. విలువలో మూడో వంతుకు కాస్త తక్కువ వైజాగ్ మీదుగానే వెళ్ళింది. దేశంలో ఏ రేవుకీ అంత వాటా లేదు. ఫ్రోజెన్ రొయ్యలో నూటికి 42 వంతులు కొన్నది అమెరికానే.

ఈ ఏడాది సుంకం ఎలా పెరిగిందో చూడండి. ఏప్రిల్ 5 నుంచి 10 శాతం. ఆగస్టు 7 నుంచి 25. రష్యా చమురు కొంటున్నామని ఇంకో 25 కలిపి ఆగస్టు 27 నుంచి 50. దీనికి తోడు మరీ చవగ్గా అమ్ముతున్నామని 2005 నుంచి వేస్తున్న యాంటీ డంపింగ్ సుంకం, మన ప్రభుత్వ సబ్సిడీలకి విరుగుడుగా ఈ మధ్య వేసిన కౌంటర్‌వెయిలింగ్ సుంకం. అన్నీ కలిపితే దాదాపు 60 అవుతోంది. మనతో పోటీపడే ఈక్వెడార్‌కి కొత్త సుంకం 15, వియత్నాంకి 20, ఇండోనేషియా, థాయిలాండ్‌లకి 19.

చెరువు నుంచి ఓడ దాకా ఈ గొలుసులో ఎవరు ఎక్కడున్నా, మీ దగ్గర ఏం జరుగుతోందో రాయండి. పార్టీల గొడవ మాత్రం వద్దు.

కాళ్ళ మండలం రైతు
2025 సెప్టెంబర్ 16, రాత్రి 10:25

గుమాస్తా గారూ, మంచి పని చేశారండి. మా దగ్గర దెబ్బ ఆగస్టులో మొదలవలేదు. ఏప్రిల్ 2న ట్రంప్ ప్రకటన వచ్చింది, ఆ వారంలోనే కౌంటు (కిలోకి ఎన్ని రొయ్యలన్న లెక్క) రేట్లు పడిపోయాయి. అప్పటికి మన మీద ప్రకటించిన సుంకం అమల్లోకే రాలేదు. తర్వాత వారం రోజుల్లోనే 90 రోజులు వాయిదా వేశారు కూడా. రేటు తగ్గించడానికి ప్రకటన చాలింది. వాయిదా వేశాక మాత్రం రేటు అంత వేగంగా తిరిగి లేవలేదు.

అందరూ ఒకేసారి భయపడి పట్టుబడికి దిగారు. నెల ఆగితే 50 కౌంటుకి వచ్చే చెరువుల్ని 80కి, 90కి పట్టేశారు. సరుకు ఒక్కసారిగా ప్లాంట్ల గేట్ల ముందుకొచ్చింది. దాంతో రేటు ఇంకా దిగింది.

నాకు అర్థం కానిది ఒకటుంది. అమెరికా కొనేది ఎక్కువగా పెద్ద సైజు. 100 కౌంటు రొయ్య ఎక్కువగా చైనా వైపు పోతుందని కొనేవాళ్ళే చెబుతారు. మరి అమెరికా సుంకం వేస్తే 100 కౌంటుకి కూడా రేటు ఎందుకు కోశారు? మేత రేటు తగ్గలేదు, కౌలు తగ్గలేదు. యూనిట్ రూపాయిన్నర కరెంటు ప్రభుత్వం గుర్తించిన ఆక్వా జోన్‌లో ఉన్నవాళ్ళకే. మిగతావాళ్ళ బిల్లు చూస్తే టెన్షన్ వస్తుంది.

ఎకనామిక్స్ స్టూడెంట్ (గుంటూరు)
2025 సెప్టెంబర్ 16, రాత్రి 11:02

ఒక సందేహం. సుంకం కట్టేది అమెరికాలో దిగుమతిదారు కదా? వాళ్ళ ప్రభుత్వానికి వాళ్ళ కంపెనీ కట్టే పన్ను మన రైతు దాకా ఎలా వస్తుంది? అక్కడ రేటు పెరిగి వాళ్ళ జనం కట్టాలి కదా.

రేవు గుమాస్తా
2025 సెప్టెంబర్ 17, ఉదయం 7:15

మంచి ప్రశ్న తమ్ముడూ. మామూలుగా నువ్వన్నదే నిజం. కానీ రొయ్య వ్యాపారంలో చాలా సరుకు "సుంకంతో సహా మీ గోడౌన్‌కి చేర్చే రేటు" మీద అమ్ముతారు. దాన్ని డీడీపీ అంటారు. అంటే అమెరికా కస్టమ్స్ దగ్గర దిగుమతిదారుగా నమోదైంది కూడా మన ఎగుమతిదారే, లేదా అక్కడున్న వాళ్ళ సొంత కంపెనీ. రేటు ఒప్పుకున్నది జూన్‌లో, సరుకు దిగేది సెప్టెంబర్‌లో. మధ్యలో సుంకం 10 నుంచి 50కి వెళ్తే ఆ 40 ఎవరు భరించాలి? ఒప్పందం ప్రకారం మన వాళ్ళే. అక్కడి సూపర్ మార్కెట్ గొలుసులు రేటు అంత తొందరగా మార్చవు. ఈక్వెడార్ సరుకు పక్కనే ఉందాయె.

పైగా బాండ్ ఒకటుంది. దిగుమతిదారు ఏడాదిలో కట్టే సుంకంలో పదో వంతు చొప్పున కస్టమ్స్‌కి బాండ్ పెట్టాలి. సుంకం అయిదు రెట్లయితే బాండ్ కూడా పెరుగుతుంది. దానికి పూచీ ఇచ్చే సంస్థ డబ్బో హామీయో అడుగుతుంది. ఆ డబ్బు ఎగుమతిదారు వర్కింగ్ క్యాపిటల్ నుంచి పోతుంది. వర్కింగ్ క్యాపిటల్ బిగిస్తే మొదట ఆగేది చెరువు దగ్గర ఇవ్వాల్సిన పేమెంట్.

కాళ్ళ రైతు గారి ప్రశ్నకి కూడా జవాబు కొంత ఇక్కడే ఉంది. ప్లాంట్‌కి 30 కౌంటు మీద వచ్చిన నష్టాన్ని 100 కౌంటు కొనుగోలులో సర్దుకుంటారు. రైతు అమ్మకపోతే రొయ్య చెరువులో ఆగదు, ప్లాంట్‌కి కోల్డ్ స్టోరేజీ ఉంటుంది. బేరంలో ఆ తేడా చాలా పెద్దది. ఇది న్యాయమని నేను అనను.

ఆగస్టులో ఓడల తేదీల గొడవ కూడా చెప్పాలి. ఆగస్టు 27కి ముందు ఓడెక్కిన సరుకు సెప్టెంబర్ 17కి ముందు అక్కడ దిగుమతి అయితే ఆ రెండో 25 శాతం లేదన్నారు. అంతకుముందు విడతలో ఆగస్టు 7కి ముందు ఎక్కించి అక్టోబర్ 5లోపు దింపితే పాత 10 శాతమే అన్నారు. వినడానికి వెసులుబాటే. కానీ వైజాగ్ నుంచి కంటైనర్ చిన్న ఓడలో కొలంబోకో సింగపూర్‌కో వెళ్ళి, పెద్ద ఓడ మారాలి. ఎర్ర సముద్రం గొడవ వల్ల ఆఫ్రికా చుట్టి పోయేవి అమెరికా తూర్పు తీరం చేరడానికి నెలన్నర దాటుతుంది. ఆగస్టు 20న ఎక్కించిన సరుకు సెప్టెంబర్ 17కి దిగే మార్గమే లేదు. ఈ రోజుతో ఆ గడువు కూడా అయిపోయింది.

ప్లాంట్ సూపర్‌వైజర్
2025 సెప్టెంబర్ 17, మధ్యాహ్నం 1:30

మా వైపు నుంచి ఒక మాట రాస్తాను. ప్లాంట్ పేరు అడగొద్దు.

"అమెరికా కాకపోతే చైనాకి అమ్ముకోవచ్చు" అని చాలా మంది తేలిగ్గా అంటున్నారు. అమ్ముకోవచ్చు, చైనా కొంటుంది కూడా. కానీ కొనే సరుకు వేరు. అమెరికాకి వెళ్ళేదాంట్లో చాలా భాగం తల తీసి, పెంకు ఒలిచి, నరం తీసి, తోక ఉంచి, విడివిడిగా గడ్డకట్టించి, దుకాణంలో పెట్టే సంచిలో ప్యాక్ చేసిన సరుకు. చైనా ఎక్కువగా తలతో సహా అడుగుతుంది, దిమ్మలుగా గడ్డకట్టించి పంపితే చాలంటుంది. మొదటి రకానికి ఒక షిఫ్టులో వందల మంది ఆడవాళ్ళు కావాలి. రెండో రకానికి అందులో కొద్ది మంది చాలు.

కాబట్టి అదే టన్ను రొయ్య, అదే రేవు నుంచి, అదే కంటైనర్‌లో వెళ్ళినా మా షెడ్డులో కూలి పోతుంది. చాలా చోట్ల ఒలుపుడు పనికి కిలోకి ఇంత అని ఇస్తారు, నెల జీతం కాదు. సరుకు లేని రోజు వ్యాన్ రాదు. ఉదయం నాలుగింటికి ఊరి చివర వ్యాన్ కోసం నిలబడే వాళ్ళకి ఫోన్ చేసి "ఈ రోజు లేదమ్మా" అని చెప్పే పని నాది. సాధారణంగా మేము రెండు షిఫ్టులు నడుపుతాం. ఇప్పుడు ఒకటే.

మార్కెట్ మళ్ళడం అంటే ఓడ దిక్కు మారడం ఒక్కటే కాదు. ప్లాంట్‌లో పెట్టిన యంత్రాలు, నేర్చుకున్న చేతులు అన్నీ ఒక మార్కెట్ కోసం తయారైనవి. ఈ విషయం ఏ అంచనాలోనూ నాకు కనబడలేదు.

లాంగ్‌బీచ్ తెలుగు
2025 సెప్టెంబర్ 18, ఉదయం 6:50

నేను ఇక్కడ లాస్ ఏంజెలస్ రేవు దగ్గర లాజిస్టిక్స్‌లో ఉన్నాను. ఇవతలి ఒడ్డున సుంకాలు ఏం చేశాయో చెబుతాను.

ఏప్రిల్‌లో చైనా మీద సుంకం 145 శాతానికి పోయింది. ఓడలు బయల్దేరడం ఆగిపోయాయి. మే నెలలో లాస్ ఏంజెలస్ రేవు సుమారు 7.17 లక్షల టీఈయూలే (20 అడుగుల కంటైనర్ల లెక్క) చూసింది, ఏప్రిల్ కంటే సుమారు 15 శాతం తక్కువ. రేవు కూలీలకి షిఫ్టులు దొరకలేదు, డ్రైవర్లు ఖాళీగా కూర్చున్నారు. మే మధ్యలో చైనా సుంకం 30కి దిగింది. అప్పుడు అందరూ మళ్ళీ పెరిగేలోపు తెచ్చేసుకుందామని ఎగబడ్డారు. జూలైలో అదే రేవు 10.19 లక్షల టీఈయూలు చూసింది. దాని చరిత్రలో అంత పెద్ద నెల లేదు. చూసినవాళ్ళు "వ్యాపారం బాగుంది" అనుకున్నారు. అది వచ్చే నెలల సరుకు ముందే తెచ్చుకోవడం, అంతే. గుమాస్తా గారు టన్నుల లెక్క గురించి చెప్పింది ఇక్కడ కూడా వర్తిస్తుంది. రికార్డు నెల చూసి సుంకం ప్రభావం లేదనడం, ఖాళీ నెల చూసి అంతా అయిపోయిందనడం రెండూ తప్పే.

ఇంకో వైపు కూడా వినండి. లూసియానా, టెక్సాస్ తీరాల్లో సముద్రపు రొయ్య పట్టే కుటుంబాలున్నాయి. అమెరికా తినే రొయ్యలో దాదాపు 90 శాతం దిగుమతే. దిగుమతి రొయ్య వల్ల తమ పడవలు ఒడ్డునే ఉండిపోతున్నాయని వాళ్ళు ఏళ్ళ తరబడి మొత్తుకుంటున్నారు. వాళ్ళ సంఘాలు ఈ సుంకాన్ని స్వాగతించాయి. మనకి కాళ్ళ మండలం రైతు ఎలాగో వాళ్ళకి ఆ జాలరి అలాగే. నేను సుంకాన్ని సమర్థించడం లేదు. కానీ ఆ జాలర్ల బాధ కల్పించినది కాదు.

ఇక ఇక్కడి తెలుగు ఇళ్ళ సంగతి. ఆగస్టు 29 నుంచి 800 డాలర్ల లోపు పార్శిళ్ళకి ఉన్న మినహాయింపు ఎత్తేశారు. ఇండియా పోస్ట్ అంతకు ముందే అమెరికాకి పార్శిళ్ళు ఆపేసింది. పచ్చళ్ళు, పూతరేకులు పంపే చిన్న చిన్న ఇంటి వ్యాపారాలు మన దగ్గర ఎన్నో ఉన్నాయి. వాళ్ళ గురించి ఎవరూ మాట్లాడట్లేదు.

పెన్నా తీరం (నెల్లూరు)
2025 సెప్టెంబర్ 18, సాయంత్రం 5:10

రీఫర్ (శీతల కంటైనర్) ట్రెయిలర్లు నడిపేవాళ్ళం. మాకు సుంకం కంటే ముందు దెబ్బ 2024 మొదట్లోనే తగిలింది. కృష్ణపట్నంలో కంటైనర్ సర్వీసులు ఆగిపోయి రేవు బల్క్ సరుకుకి (బొగ్గులా పెట్టెల్లో కాకుండా విడిగా పోసే సరుకుకి) మళ్ళింది. నెల్లూరు, ప్రకాశం రొయ్యకి ఇప్పుడు చెన్నై, కాట్టుపల్లి దారి. జనరేటర్ డీజిల్ దారి పొడుగునా తాగుతూనే ఉంటుంది, పెట్టె మైనస్ 18 దగ్గర ఉండాలి కదా. గేటు దగ్గర లైను పెరిగితే ఆ ఖర్చూ మాదే.

సుంకం వచ్చాక ఇంకో సమస్య. రీఫర్ పెట్టెలు మన దేశంలోకి సరుకుతో వచ్చేవి తక్కువ. ఖాళీవి తెచ్చి ఇవ్వాలి. రేవులో ఎగుమతి తగ్గుతుందని అనిపిస్తే షిప్పింగ్ లైన్లు ఖాళీ పెట్టెలు వేరే చోటికి తిప్పుతాయి. ఇక రేపు ఆర్డర్ తిరిగొచ్చినా పెట్టె దొరకదు. చిన్న రేవులకి భయం ఇక్కడే. వాల్యూమ్ పోతే ఓడ రాదు, ఓడ రాకపోతే వాల్యూమ్ రాదు.

హోప్ ఐలాండ్ (కాకినాడ)
2025 సెప్టెంబర్ 19, రాత్రి 8:45

అందరూ అమెరికా గురించే రాస్తున్నారు. కాకినాడ వాడిగా నేను ఇంకో సంగతి గుర్తు చేయాలి. మా రేవుని ఈ మధ్య కాలంలో అన్నిటికంటే ఎక్కువ కుదిపింది ట్రంప్ కాదు, ఢిల్లీ.

2022 సెప్టెంబర్‌లో నూకల ఎగుమతి నిషేధించారు. 2023 జూలై 20న బాస్మతి కాని తెల్ల బియ్యం నిషేధించారు. నెల తిరిగేసరికి ఆగస్టు 25న ఉప్పుడు బియ్యం మీద 20 శాతం ఎగుమతి సుంకం వేశారు. కాకినాడ యాంకరేజ్ పోర్టు బతికేదే బియ్యం మీద. ఓడ దూరంగా లంగరేసుకుని ఉంటుంది. బస్తాలు జట్టీ దగ్గర బార్జీల్లోకి, బార్జీ నుంచి ఓడలోకి. ప్రతి బస్తా మనిషి చేతుల మీదుగానే పోతుంది. కంటైనర్ రేవులో క్రేన్ చేసే పని ఇక్కడ హమాలీ చేస్తాడు. కాబట్టి సుంకం వేసిన రోజునే కూలి తగ్గింది. బార్జీ కార్మికులు, లారీ వాళ్ళు, గోనె సంచుల వాళ్ళు, జగన్నాథపురం వైపు టీ కొట్ల దాకా ఆ రెండేళ్ళూ ఎలా గడిపారో నేను చూశాను.

2024 సెప్టెంబర్ చివర్లో తెల్ల బియ్యం వదిలారు, ఉప్పుడు బియ్యం మీద సుంకం 10కి తగ్గించి, అక్టోబర్‌లో పూర్తిగా తీసేశారు. దేశంలో బియ్యం ధర అదుపులో ఉండాలన్నది వాళ్ళ కారణం. కారణం ఉంది, కాదనను. కానీ పశ్చిమ ఆఫ్రికాలో కొనేవాళ్ళు ఈలోపు వేరే దేశాల వైపు చూశారు. పోయిన బేరాన్ని తిరిగి తెచ్చుకోవడం ఒక నోటిఫికేషన్‌తో అయ్యే పని కాదు.

ఇంకోటి వినండి. ఫిలిప్పీన్స్ 2024లో బియ్యం దిగుమతి సుంకాన్ని 35 నుంచి 15 శాతానికి తగ్గించింది. ఈ మార్చి 31న తెలంగాణ ప్రభుత్వం తమ బియ్యాన్ని కాకినాడ నుంచే ఫిలిప్పీన్స్‌కి పంపింది, తొలి ఓడలో 12,500 టన్నులు. మాకు సంతోషం. నల్గొండ, కరీంనగర్ వడ్లకి మా రేవు దారి అయింది కదా. ఇప్పుడేమో అక్కడి రైతులకి ధర పడిపోయిందని ఫిలిప్పీన్స్ సెప్టెంబర్ 1 నుంచి 60 రోజులు బియ్యం దిగుమతి ఆపేసింది. మనీలాలో తీసుకున్న నిర్ణయం మిర్యాలగూడ మిల్లుకీ కాకినాడ హమాలీకీ ఒకే వారంలో తెలుస్తుంది.

ఉక్కునగరం
2025 సెప్టెంబర్ 19, రాత్రి 9:30

హోప్ ఐలాండ్ గారితో ఏకీభవిస్తున్నాను. 2022 మే 22న ఇనుప ఖనిజం ఎగుమతి మీద సుంకాన్ని 50 శాతానికి పెంచారు. నవంబర్ 19న ఆ పెంపు వెనక్కి తీసుకున్నారు. ఆ ఆరు నెలలు తూర్పు తీరపు రేవుల్లో ఖనిజం ఎగుమతి కుదేలైంది. స్టీలు ధర దించడానికి పెంచారు. మా లాంటి స్టీలు ఉద్యోగులకి అది అనుకూలమే అనుకోవచ్చు, కానీ స్టీలు ఉత్పత్తుల మీద కూడా అప్పుడే ఎగుమతి సుంకం వేశారు.

గెలల తోట (అశ్వారావుపేట)
2025 సెప్టెంబర్ 20, ఉదయం 10:05

మాది సముద్రం లేని ఊరు. అయినా కాకినాడ, కృష్ణపట్నం రేవుల్లో దిగే ముడి పామాయిల్ మీద సుంకం ఎంతన్నదే మా ఆదాయం.

2024 సెప్టెంబర్ 14న ముడి పామాయిల్ మీద సుంకాన్ని సెస్సులతో కలిపి 5.5 నుంచి 27.5 శాతానికి పెంచారు. మా టన్ను ఆయిల్‌పామ్ గెలల ధర పైకి లేచింది. ప్రభుత్వం ఆయిల్‌పామ్ వేయమంటోంది, పెంచింది, బాగుంది అనుకుని కొత్తగా తోటలు పెట్టినవాళ్ళున్నారు. ఈ మే 30న దాన్ని 16.5కి దించేశారు. మొక్క పెట్టాక మొదటి గెల కోయడానికి మూడు నాలుగేళ్ళు పడుతుంది, తోట పాతికేళ్ళ పైన ఉంటుంది. సుంకం మాత్రం తొమ్మిది నెలల్లో తిరగబడింది. వరి రైతు వచ్చే ఏడు పంట మార్చుకుంటాడు. మేము మార్చుకోలేం.

హోప్ ఐలాండ్
2025 సెప్టెంబర్ 20, మధ్యాహ్నం 12:20

అన్నా, మీ బాధ అర్థమైంది. కానీ ఆ మే నిర్ణయం వల్ల మా ఊరికి మేలు జరిగింది, అది చెప్పకపోతే ఎలా? రిఫైన్డ్ ఆయిల్ మీద సుంకం 35.75 శాతంగానే ఉంచి ముడి ఆయిల్ మీద మాత్రమే తగ్గించారు. అంతకు ముందు రెండింటి మధ్య తేడా 8.25 మాత్రమే. ఇండోనేషియా, మలేషియాల్లో శుద్ధి చేసిన నూనె నేరుగా దిగిపోతుంటే కాకినాడ చుట్టూ ఉన్న రిఫైనరీలు సగం సామర్థ్యంతో నడవాల్సిన పరిస్థితి. ఇప్పుడు తేడా 19.25. ముడి నూనె ఇక్కడికొచ్చి, ఇక్కడ శుద్ధి అయి, ఇక్కడి నుంచే తెలంగాణకి, ఒడిశాకి, ఛత్తీస్‌గఢ్‌కి ట్యాంకర్లు వెళ్తాయి. రేవు మీద ఆధారపడ్డ పని అంటే ఇదే. వంటనూనె కొనేవాళ్ళకి కూడా కాస్త ఊరట.

గెలల తోట
2025 సెప్టెంబర్ 20, మధ్యాహ్నం 1:00

మీ రిఫైనరీలు నడవాలి, కాదనట్లేదు. రిఫైన్డ్ మీద ఇంకా పెంచి కూడా ఆ తేడా తేవచ్చు కదా? ముడి ఆయిల్ మీద తగ్గించే తేవాలా? ప్రతిసారీ సర్దుకోమనేది రైతునే. ముడి నూనె ధర ఇంతకంటే తగ్గితే మిగతా మొత్తం ప్రభుత్వం ఇస్తుందని వయబిలిటీ హామీ కాగితం మీద ఉంది. అది అందాల్సిన నెలలో అందితే నాకు మీ రిఫైనరీతో ఏ తగాదా లేదు.

ఎకనామిక్స్ స్టూడెంట్
2025 సెప్టెంబర్ 20, సాయంత్రం 4:40

ఈ రెండు పోస్టులు క్లాసులో విన్నదానికంటే బాగా అర్థమయ్యాయి. రొయ్యకి ఇంకో సందేహం. మన దేశంలోనే తినేస్తే పోదా?

కాళ్ళ మండలం రైతు
2025 సెప్టెంబర్ 20, రాత్రి 9:15

తినాలి బాబూ, తప్పకుండా తినాలి. భీమవరంలో కిలో ఎంతకి పోతుందో, హైదరాబాద్ మాల్‌లో అదే రొయ్య ఎంతకి పెడుతున్నారో చూస్తే మధ్యలో ఎంత పోతోందో తెలుస్తుంది. కోడికి ఉన్నట్టు రొయ్యకి దేశం నిండా కోల్డ్ చెయిన్ లేదు. జైపూర్‌లోనో ఇండోర్‌లోనో ఫ్రోజెన్ రొయ్య సంచి కిరాణా కొట్టులో దొరకాలి. ఈ నెల 22 నుంచి ప్రాసెస్ చేసిన రొయ్య ఉత్పత్తుల మీద జీఎస్టీ 12 శాతం నుంచి 5కి దిగుతోందట, మంచిదే. కానీ అమెరికా కొనే మూడు లక్షల టన్నుల పైచిలుకు ఏడాదిలో మన వంటిళ్ళు సర్దుకోలేవు. రెండు మూడేళ్ళు పట్టుదలగా చేస్తే కొంత భాగం సాధ్యం.

రేవు గుమాస్తా
2025 అక్టోబర్ 22, రాత్రి 8:30

నెల తర్వాత మళ్ళీ ఈ చర్చ పైకి తెస్తున్నాను, రెండు కొత్త సంగతులున్నాయి కాబట్టి.

మొదటిది, ఆస్ట్రేలియా. 2017లో వైట్‌స్పాట్ వైరస్ కనిపించినప్పటి నుంచి మన ఒలవని పచ్చి రొయ్యకి అక్కడ ప్రవేశం లేదు. ఇప్పుడు తొలి అనుమతి ఇచ్చారని మంత్రి లోకేశ్ గారు ప్రకటించారు. రెండోది, సెప్టెంబర్‌లో యూరోపియన్ యూనియన్ మన దేశపు మరో 102 యూనిట్లకి ఎగుమతి అనుమతి ఇచ్చింది. బ్రిటన్‌తో జూలై 24న సంతకమైన ఒప్పందం అమల్లోకి వస్తే అక్కడ రొయ్య మీద సుంకం పోతుంది, కానీ అది ఇంకా అమలు కాలేదు.

ఇవి మంచి వార్తలే. అయితే ఇవన్నీ కలిపినా అమెరికా లోటు ఈ సీజన్‌లో పూడుతుందని ఎవరైనా చెబితే నమ్మకండి. ఆస్ట్రేలియా మార్కెట్ చిన్నది, వ్యాధి పరీక్షలు కఠినం. యూరప్‌లో మన రొయ్య కంటైనర్లలో సగానికి యాంటీబయాటిక్ తనిఖీ ఉంటుంది. ఒక్క లాట్ ఫెయిలైతే తిప్పి పంపుతారు. అమెరికాలో సుంకం దెబ్బ, యూరప్‌లో పరీక్ష దెబ్బ. తేడా ఏంటంటే సుంకం మన చేతుల్లో లేదు, పరీక్ష చాలావరకు మన చేతుల్లోనే ఉంది.

నాకు ఒక కోరిక ఉంది, ఇది చదివే అధికారులెవరైనా ఉంటే. పోర్టులు ప్రతి నెలా టన్నులు ప్రకటిస్తాయి. రీఫర్ కంటైనర్లు ఎన్ని వెళ్ళాయి, ఏ దేశానికి, ఒలిచిన సరుకెంత, తలతో ఉన్న సరుకెంత అన్నది కూడా జిల్లా వారీగా ప్రకటిస్తే ఏ ప్లాంట్ దగ్గర పని పోతోందో ముందే తెలుస్తుంది. ఆ వివరాలన్నీ షిప్పింగ్ బిల్లుల్లోనూ ప్లాంట్ల రికార్డుల్లోనూ ఉన్నాయి. కొత్తగా సర్వే అక్కర్లేదు.

ప్లాంట్ సూపర్‌వైజర్
2025 అక్టోబర్ 22, రాత్రి 9:10

అది చేస్తే మా షెడ్డు ఆడవాళ్ళు మొదటిసారి ఒక లెక్కలోకి వస్తారు. ఇప్పుడు ఏ రికార్డులోనూ లేరు, కాంట్రాక్టరు పుస్తకంలో తప్ప.

కాళ్ళ మండలం రైతు
2025 అక్టోబర్ 23, ఉదయం 6:20

గుమాస్తా గారూ, నేను ఈసారి సగం చెరువుల్లోనే సీడ్ (రొయ్య పిల్లలు) వేస్తున్నాను, అదీ పల్చగా. మిగతా సగంలో కట్ల, రోహు. యూరప్ వెళ్ళే లాట్‌లో మా సరుకు కలపాలంటే మేము చేయాల్సింది ఏమిటో స్పష్టంగా చెప్పండి. మా చుట్టుపక్కల రైతులు కూడా అడుగుతున్నారు.

రేవు గుమాస్తా
2025 అక్టోబర్ 23, ఉదయం 8:05

మొదట మీ చెరువులకి నమోదు ఉండాలి. కౌలు చెరువైతే యజమాని పేరు మీదున్న కాగితం ఒకసారి చూసుకోండి, చాలా మందికి అక్కడే ఆగుతోంది. సీడ్ ఏ హేచరీ నుంచి, మేత ఏది, మందు ఏమైనా వేస్తే ఏ రోజు అన్నది పుస్తకంలో రాసిపెట్టండి. యాంటీబయాటిక్ ఉన్న మందు అసలు వేయకండి, పేరు ఏదైనా, అమ్మేవాడు ఏం చెప్పినా. యూరప్ సరుకుకి పట్టుబడికి ముందే శాంపిల్ పరీక్ష సర్టిఫికెట్ కావాలి, పీహెచ్‌టీ అంటారు. ఎంపెడా (కేంద్రం నడిపే సముద్ర ఉత్పత్తుల ఎగుమతి సంస్థ) వాళ్ళ ఎలైసా ల్యాబ్, అంటే యాంటీబయాటిక్ పరీక్ష చేసేది, భీమవరంలోనే ఉంది. ప్లాంట్ వాళ్ళతో రేటు మాట్లాడాక పరిగెత్తకుండా, పట్టుబడి తేదీ దగ్గరపడక ముందే శాంపిల్ ఇవ్వండి. సర్టిఫికెట్ చేతిలో ఉంటే ఒకే ప్లాంట్ రేటుకి తల ఒగ్గక్కర్లేదు, ఇద్దరు ముగ్గురిని అడగొచ్చు.